లిప్ సింక్ తప్పిన వీడియోను డీవీడీకి ఎక్కించే ముందు: జరపాలా, సాగదీయాలా, మొదటికి వెళ్లాలా?

మా అన్నయ్య కూతురి కూచిపూడి రంగప్రవేశం విజయవాడలో, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో జరిగింది. వీడియో ఫోన్‌లో చూస్తే బ్రహ్మాండంగా ఉంది. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా నానమ్మ మాత్రం ఫోన్‌లో ఏదీ చూడదు. ఆవిడకి టీవీ కింద డీవీడీ ప్లేయరు ఉంది, రిమోట్‌లో రెండు బటన్లు తెలుసు, అంతే. సరేనని డీవీడీ రైట్ చేసి పంపాను. మర్నాడు పొద్దున్నే వదిన ఫోను.

"ఏమయ్యా, మొదట్లో బానే ఉంది గానీ తరంగానికి వచ్చేసరికి తాళం ఒకచోట, పిల్ల కాలు ఒకచోట పడుతున్నాయి. నానమ్మగారు దీనికి తాళజ్ఞానమే లేదనుకుంటున్నారు."

కంగారులో అప్పుడు నాకు తట్టలేదు గానీ, రోగం పేరు వదిన ఆ మాటలోనే చెప్పేసింది. "మొదట్లో బానే ఉంది." సింక్, అంటే బొమ్మా ధ్వనీ కలిసి నడవడం, తప్పిన వీడియోను బాగుచేసే దారులు చాలా ఉన్నాయి. వాటిలో ఏది పట్టుకోవాలో తేల్చేది ఆ ఒక్క ముక్కే. మొదటి నుంచి చివరి దాకా ఒకే తేడా ఉందా? పోనుపోను పెరుగుతోందా? ఒకచోట ఉన్నట్టుండి ఎగిరిందా? ఇది చూసుకోకుండా సాఫ్ట్‌వేర్లు మార్చుకుంటూ పోతే డిస్కులు తగలేయడమే. నేను తగలేశాను కూడా.

ముందు టీవీ సంగతి

ఫైలును అనుమానించే ముందు అదే ప్లేయర్లో కొన్న సినిమా డిస్కు ఏదైనా ఒకటి వేసి చూడండి. అందులోనూ పెదవులు, మాట కలవకపోతే తప్పు మీ ఫైలుది కాదు. ఇప్పటి ఫ్లాట్ టీవీలు బొమ్మకు మెరుగులు దిద్దడానికి కొంత సమయం తీసుకుంటాయి. ధ్వని నేరుగా హోమ్ థియేటర్‌కి వెళ్తే బొమ్మ కంటే ముందే వినిపిస్తుంది. బ్లూటూత్ స్పీకరయితే ఉల్టా, ధ్వనే వెనకబడుతుంది. ఈ తేడా టీవీ సెట్టింగుల్లోనో సౌండ్‌బార్‌లోనో ఏవీ సింక్ అన్నచోట సరిపోతుంది. దానికోసం ఫైలును కదిపితే ఈ టీవీలో బాగుండి పక్కింటి టీవీలో చెడుతుంది.

ఎంత తేడా ఉంటే మనిషికి తెలుస్తుంది? ప్రసారాల కోసం ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) ఇచ్చిన బీటీ 1359 సిఫారసు ప్రకారం ధ్వని 45 మిల్లీసెకన్లు ముందుగా వస్తే చూసేవాడు పట్టేస్తాడు. అదే వెనకబడితే 125 దాకా పట్టించుకోడు. ఎందుకంటే లోకంలో ధ్వని ఎప్పుడూ వెనకే వస్తుంది. మెరుపు ముందు, ఉరుము తర్వాత. దూరంగా రేవులో చాకలి బట్ట బండకు తగిలాక కాసేపటికి చప్పుడు వినిపించడం మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. చప్పుడు ముందొచ్చి బట్ట తర్వాత పడటం ఎవరూ ఎరగరు. అందుకని సరిచేసేటప్పుడు అనుమానం ఉంటే ధ్వనిని కాస్త వెనక్కే ఉంచండి. ఒక్క ఫ్రేము (వీడియోలో ఒక్క బొమ్మ), అంటే సెకనుకు 25 చొప్పున 40 మిల్లీసెకన్లు, వెనకున్నా నష్టం లేదు.

కొలవడం

కంప్యూటర్లో వీఎల్‌సీ ఉంటే చాలు. వీడియో ఆడుతుండగా (విండోస్‌లో) కె నొక్కితే ధ్వని 50 మిల్లీసెకన్లు వెనక్కి వెళ్తుంది, జె నొక్కితే 50 ముందుకు వస్తుంది. ఎంతకు కలిసిందో తెర మీద అంకె కనిపిస్తుంది. మొదటి ఐదు నిమిషాల్లో ఒకచోట, నడిమధ్య ఒకచోట, ఆఖర్లో ఒకచోట కొలిచి మూడు అంకెలూ కాగితం మీద రాసుకోండి.

పెదవుల్ని చూసి కొలవడం కష్టం. కొట్టే చోటు వెతకండి. నాట్యమైతే నట్టువాంగం తాళాలు. పెళ్లయితే కొబ్బరికాయ పగలడం, లేదా గట్టిమేళంలో డోలు మీద పడే మొదటి దెబ్బ. ఉపన్యాసమైతే చప్పట్లలో ముందు వరసలో కూర్చున్నవాళ్ల చేతులు. సినిమావాళ్లు క్లాప్ బోర్డు వాడేది ఇందుకే. మనకది లేకపోయినా మన వేడుకల్లో కొట్టుడుకు కరువు లేదు.

మూడు అంకెలూ ఒకటే అయితే మీ అదృష్టం. క్రమంగా పెరిగితే లెక్క వేసుకోవాలి. అడ్డదిడ్డంగా ఉంటే ఓపిక పట్టాలి.

తేడా అంతటా ఒకటే అయితే: జరిపితే సరి

కారణం చాలావరకు అమాయకంగానే ఉంటుంది. ఎక్కడో కత్తిరించినప్పుడు బొమ్మ ఒకచోట, ధ్వని ఇంకోచోట మొదలై ఉంటుంది. లేదా కెమెరా హాలు వెనకాల ఉండి ఉంటుంది. దీన్ని జనం లెక్కలోకి తీసుకోరు గానీ, ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లే వెళ్తుంది. వేదికకు 25 మీటర్ల దూరంలో ఉన్న కెమెరా మైకుకు తాళం చప్పుడు 70 మిల్లీసెకన్ల పైచిలుకు ఆలస్యంగా చేరుతుంది. సౌండువాళ్ల మిక్సర్ నుంచి వైరు లాగి తీసుకున్న ట్రాక్‌లో ఈ ఆలస్యం ఉండదు. రెండూ కలిపి పెడితే డొల్లగా, ప్రతిధ్వనిలా వినిపిస్తుంది. అలాంటప్పుడు మిక్సర్ ట్రాకును ఉంచుకుని కెమెరా ధ్వనిని పూర్తిగా తీసేయడం మేలు. చప్పట్ల కోసం కావాలనుకుంటే జరిపి సన్నగా కలపండి.

జరపడానికి నేను వాడినవాటిలో మొదటి ఓటు ఎంకేవీటూల్‌నిక్స్‌కే. ఫైలు వేసి, ఆడియో ట్రాకును ఎంచుకుని, డిలే అన్న గడిలో మిల్లీసెకన్ల అంకె కొట్టడమే. వీఎల్‌సీలో కనిపించిన అంకెనే ఇక్కడా వేయొచ్చు, ప్లస్ అంటే ధ్వని వెనక్కి, మైనస్ అంటే ముందుకి. మళ్లీ ఎన్‌కోడ్ చేయదు, అంటే వీడియోను కొత్తగా కుదించి రాయదు కాబట్టి నాణ్యత పోదు, గంట వీడియో కూడా కాసేపట్లో అయిపోతుంది. వచ్చిన ఎంకేవీ ఫైలును డీవీడీ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వాలి. ఇవ్వబోయే ముందు ఒక్కసారి ఆడించి చూడండి. కొన్ని డీవీడీ సాఫ్ట్‌వేర్లు ఫైలులో రాసిన డిలేను పట్టించుకోవు, మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

ఆ అనుభవం ఎదురైతే ఏవీడెమక్స్ వాడండి. ఎడమ పక్కన ఆడియో కింద షిఫ్ట్ అని టిక్కు ఉంటుంది, అంకె వేస్తే సరిపోతుంది. అయినా కుదరకపోతే ధ్వనిని వేవ్ ఫైలుగా బయటకు తీసి, ధ్వనిని ఎడిట్ చేసే ఆడాసిటీలో మొదట్లో అంత నిశ్శబ్దం చేర్చడమో కోయడమో చేసి మళ్లీ కలపాలి. ఇది మొరటు పద్ధతి. కానీ అప్పుడు సరిచేసిన తేడా ధ్వనిలోనే ఉంటుంది, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పట్టించుకోకుండా ఉండలేదు. పాత డీవీడీల నుంచి తీసిన ఆడియో ఫైలు పేరులోనే కొన్నిసార్లు డిలే మైనస్ 80 అన్నట్టు ఒక అంకె ఉంటుంది. అది చెత్త అనుకుని పేరు మార్చేయకండి, మీకు కావాల్సిన జవాబు అదే.

పోనుపోను పెరుగుతుంటే: లెక్క చూడండి, తర్వాత సాగదీయండి

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. మధ్యలో చూసి అర సెకను తేడా ఉందని మొత్తం అర సెకను జరుపుతారు. మధ్య బాగుపడి మొదలు, చివర చెడతాయి. పెరిగే తేడాకు జరపడం మందు కాదు.

గంటకు ఎంత పెరిగిందో చూస్తే కారణం దాదాపు తెలిసిపోతుంది. గంటకు 3.6 సెకన్లయితే ఎక్కడో 29.97 ఫ్రేములను 30 అనుకున్నారు, లేదా 30ని 29.97 అనుకున్నారు. తేడా వెయ్యికి ఒకటే, అయినా గంటకు అంత అవుతుంది. గంటకు రెండున్నర నిమిషాలు తేడా వస్తే సినిమాల 23.976 లేదా 24 ఫ్రేములను 25కి తోసేసి, ధ్వనిని మాత్రం అలాగే వదిలేశారన్నమాట. గంటకు పావు సెకను లాంటి చిల్లర తేడా అయితే ధ్వనిని విడిగా వేరే రికార్డర్లో తీసి ఉంటారు. రెండు యంత్రాల గడియారాలు ఎప్పుడూ ఒకేలా నడవవు.

చిల్లర తేడాకూ, వెయ్యికి ఒకటి తేడాకూ ఆడాసిటీలో చేంజ్ స్పీడ్ (కొత్త వెర్షన్లలో చేంజ్ స్పీడ్ అండ్ పిచ్) వాడండి. శ్రుతి కూడా ఆ మేరకు మారుతుంది గానీ వెయ్యిలో ఒక వంతు అంటే ఒక స్వరస్థానంలో యాభయ్యో వంతు కూడా కాదు, ఏ విద్వాంసుడి చెవీ పట్టలేదు. చేంజ్ టెంపో అనే రెండోది శ్రుతిని కాపాడుతుంది కానీ ధ్వనిని ముక్కలుగా కోసి అతుకుతుంది కనుక మృదంగం దెబ్బల అంచులు కొంచెం మొద్దుబారతాయి. ఇంత చిన్న తేడాకు అది అనవసరం.

గంటకు రెండున్నర నిమిషాలంటే నాలుగు శాతం, అక్కడ మాత్రం లెక్క తిరగబడుతుంది. 24 నుంచి 25కి స్పీడు పెంచి ధ్వనినీ దాంతోపాటే పరిగెత్తిస్తే శ్రుతి దాదాపు ముప్పావు స్వరస్థానం పైకి ఎక్కుతుంది. మాటల సినిమా అయితే పర్వాలేదు, గొంతులు కాస్త సన్నబడతాయి. కచేరీ వీడియోకు అది ఘోరం. ఒకటిన్నర శ్రుతిలో పాడిన ఆయన దాదాపు రెండులో పాడినట్టు వినిపిస్తే శిష్యులు నొచ్చుకుంటారు. అక్కడ టెంపో మార్చుకోండి, లేదా అసలు పాల్ (సెకనుకు 25 ఫ్రేములుండే మన టీవీ పద్ధతి) డీవీడీయే చేయకండి. అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ డీవీడీలో 23.976 ఫ్రేముల వీడియో పుల్‌డౌన్ అనే ఏర్పాటుతో స్పీడు మారకుండా కూర్చుంటుంది.

ఎంకేవీటూల్‌నిక్స్‌లో స్ట్రెచ్ అనే గడి కూడా ఉంది. చూడగానే ఆశ పుడుతుంది. బొమ్మకు, సబ్‌టైటిళ్లకు అది పనిచేస్తుంది గానీ ధ్వనికి సరిగా పనిచేయదని దాని మాన్యువల్‌లోనే ఉంది. ఆ ఆశ వదులుకోండి.

ఫోన్ వీడియో: సాగదీసినా కలవని కేసు

మళ్లీ మా ఇంటి కేసుకు వస్తాను. మొదట సరి, చివర తప్పు. పెరిగే తేడానే కదా అని చివర కొలిచి, శాతం లెక్కేసి, ధ్వనిని సాగదీశాను. మొదలూ కలిసింది, చివరా కలిసింది. మధ్యలో జతులు మాత్రం అస్సలు కలవలేదు. రెండో డిస్కూ పోయింది. అప్పుడు ఫైలు వివరాలు చూపించే మీడియాఇన్ఫోలో తెరిచి చూస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ ఎదురుగా వేరియబుల్, అంటే మారుతూ ఉండేది, అని ఉంది.

ఫోన్లు ఇలాగే తీస్తాయి. పేరుకు 30 ఫ్రేములు. వెలుతురు తగ్గితే సెన్సరుకు ఇంకాస్త వెలుగు కావాలి కనుక చాలా ఫోన్లు తమంతట తామే ఫ్రేములు తగ్గించుకుంటాయి. వేదిక మీద దీపాలు తగ్గించి నీలం రంగు వేసిన ప్రతిసారీ మా ఫోను నెమ్మదించింది, వెలుగు రాగానే వేగం అందుకుంది. ఫోన్‌లో చూస్తే ఏ తేడా తెలియదు. ప్రతి ఫ్రేముకూ ఎప్పుడు చూపించాలో సమయం రాసి ఉంటుంది, ఫోను దాని ప్రకారమే నడుచుకుంటుంది. డీవీడీకి ఆ స్వేచ్ఛ లేదు. పాల్ అయితే సెకనుకు కచ్చితంగా 25, ఎన్‌టీఎస్‌సీ అయితే 29.97, మధ్యస్థం లేదు. నేను వాడిన సాఫ్ట్‌వేర్ ఆ సమయాలను పట్టించుకోకుండా ఫ్రేములన్నిటినీ సమానంగా పరిచేసింది. సాగదీయడంతో మొత్తం నిడివి మాత్రమే కలిసింది. పరీక్షలో వచ్చిన మార్కుల్ని పిల్లలందరికీ సమానంగా పంచినట్టు: మొత్తం సరిగానే ఉంటుంది, ఒక్కడి మార్కూ సరిగా ఉండదు.

దీనికి మందు సాగదీయడం కాదు, ముందుగా స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చడం. హ్యాండ్‌బ్రేక్ ఇందుకు మంచిది. వీడియో ట్యాబ్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని, పక్కన 29.97 పెట్టి, నాణ్యత ఎక్కువలో ఉంచి ఎంపీ4 తీయండి. ఫ్రేములు తగ్గినచోట ఉన్నదాన్నే రెండోసారి చూపిస్తుంది, ఎక్కడి ధ్వని అక్కడే ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ డీవీడీ చేయదు. ఇది కడిగిపెట్టే మెట్టు మాత్రమే, వంట తర్వాతిది. రెండుసార్లు ఎన్‌కోడ్ అవుతుంది కదా, నాణ్యత పోదా అంటే కొద్దిగా పోతుంది. డీవీడీ బొమ్మ 720×576 లేదా 720×480 కనుక ఫోన్‌లోని పెద్ద బొమ్మ ఎలాగూ కుంచించుకుపోతుంది, ఆ పోయింది కంటికి కనిపించదు.

ఆదేశాలు టైపు చేయడం అలవాటున్నవాళ్లకు ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉంది. టార్గెట్‌గా ఎన్‌టీఎస్‌సీ డీవీడీ అనో పాల్ డీవీడీ అనో చెబితే కొలత, ఫ్రేమ్ రేటు, 48 కిలోహెర్ట్జ్, డీవీడీలకు వాడే ఏసీ3 ధ్వని అన్నీ అదే సరిగా పెట్టుకుంటుంది. ధ్వనికి ఎ-రీశాంపుల్ అసింక్ ఫిల్టర్ చేరిస్తే చిన్న చిన్న ఖాళీలు కూడా పూడ్చుకుంటూ పోతుంది. పది వీడియోలు ఒకేసారి చేయాల్సివస్తే దీన్ని మించింది లేదు. ఒక్క వీడియోకు, అందులోనూ మొదటిసారికి, హ్యాండ్‌బ్రేకే చాలు.

పాల్ చేయాలా, ఎన్‌టీఎస్‌సీ చేయాలా?

"మనది పాల్ దేశం కదా, పాల్ చేయాలి" అని మిక్సింగ్ నేర్పినవాళ్లు నేర్పుతారు. కెమెరాతో 25 లేదా 50 ఫ్రేములకు తీసినదైతే అదే నిజం. పెళ్లి వీడియోలవాళ్లు మన దగ్గర ఎక్కువగా అలాగే తీస్తారు కూడా.

ఫోన్ వీడియోకు మాత్రం నా ఓటు ఎన్‌టీఎస్‌సీకే. ముప్పై ఫ్రేముల్ని ఇరవై అయిదుకు దించాలంటే సెకనుకు ఐదు ఫ్రేములు పారేయాలి. కూర్చుని మాట్లాడేవాళ్లను తీస్తే తెలియదు గానీ, కెమెరా ప్రకాశం బ్యారేజీ మీదుగా పక్కకు తిరిగితే బ్యారేజీ గేట్లన్నీ కుదుపులతో వెళ్తాయి. నాట్యంలో అయితే చేతులు ఎగిరెగిరి పడతాయి. మన దేశంలో అమ్మిన డీవీడీ ప్లేయర్లు దాదాపు అన్నీ రెండు పద్ధతులూ ఆడిస్తాయి. అమెరికాలో ఉన్న చుట్టాలకు ఎలాగూ ఎన్‌టీఎస్‌సీయే కావాలి, అక్కడి ప్లేయర్లకు పాల్ అంటే పెద్దగా గిట్టదు. రెండూ కలిసొస్తాయి.

ఒక హెచ్చరిక. కొన్ని కెమెరా ముక్కలు 25లో, కొన్ని ఫోన్ ముక్కలు 30లో ఉంటే, ఏది ఎక్కువ ఉంటే దాన్ని ప్రమాణంగా పెట్టుకోండి. తక్కువ ఉన్నవాటిని విడివిడిగా ముందే మార్చి, అప్పుడే టైమ్‌లైన్ మీదకు తీసుకెళ్లండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తనంతట తానే సర్దుకుంటుందిలే అని వదిలేస్తే ఆ సర్దుబాటు చివర్లో మీ చేతికొస్తుంది.

ఉన్నట్టుండి ఎగిరితే: అతుకులు, పాత క్యాసెట్లు

నలభై నిమిషాల దాకా సరిగా ఉండి అక్కడి నుంచి అర సెకను తేడా, గంటా పది దగ్గర ఇంకో అర సెకను. ఇలా మెట్లు మెట్లుగా ఉంటే అతుకులను అనుమానించండి. హ్యాండీక్యామ్‌లు పెద్ద రికార్డింగును కొన్ని జీబీలకు ఒక ముక్కగా కోసి దాచుకుంటాయి. ఏసీ3 ధ్వని 32 మిల్లీసెకన్ల పొట్లాలుగా ఉంటుంది, బొమ్మ 40 మిల్లీసెకన్ల పొట్లాలుగా. ముక్క ఎక్కడ తెగినా రెండూ ఒకేచోట తెగవు. విడివిడిగా మార్చి అతికిస్తే ప్రతి అతుకు దగ్గరా కాస్త పోతుంది, నాలుగు అతుకులకు కంటికి తెలుస్తుంది. కెమెరా కార్డులోని ఫోల్డరు మొత్తాన్ని కదపకుండా కంప్యూటర్లోకి తెచ్చి, కెమెరాతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌తోనే కలపడం దీనికి మంచి దారి. ఇప్పటికే ఒక్కొక్కటీ మార్చేసి ఉంటే, అతుకు దగ్గర కోసి ప్రతి ముక్కనూ విడిగా జరపాలి. విసుగు పని, కానీ ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది.

పాత వీహెచ్ఎస్ క్యాసెట్ల కథ వేరు. ఎనభైలు, తొంభైల పెళ్లిళ్లన్నీ వాటిలోనే ఉన్నాయి, బీరువా పైఅరలో బూజు పడుతూ. చౌక యూఎస్‌బీ క్యాప్చర్ డబ్బా పెట్టి ఎక్కిస్తే, టేపు నలిగినచోట, సిగ్నల్ వణికినచోట కంప్యూటరు ఫ్రేములు వదిలేస్తుంది. ధ్వని మాత్రం ఆగకుండా వస్తూనే ఉంటుంది. తలంబ్రాల దగ్గర పోయిన పది ఫ్రేములు అప్పగింతల దాకా వెంటాడతాయి. ఇలాంటి ఫైలును తర్వాత కూర్చుని సరిచేయడం కంటే క్యాసెట్‌ను మళ్లీ ఎక్కించడమే తెలివి. నూటికి తొంభై కేసుల్లో నేనదే చెబుతాను.

మళ్లీ ఎక్కించడానికి దారులు మూడు. టేపు బాగుంటే వర్చువల్‌డబ్ క్యాప్చర్ వాడి, టైమింగ్ సెట్టింగుల్లో ఫ్రేము పోయినచోట మరో ఫ్రేము చొప్పించమని పెట్టండి. బొమ్మ క్షణంపాటు ఆగినట్టుంటుంది గానీ సింక్ పోదు. ఆ సమయంలో కంప్యూటర్లో ఇంకే పనీ చేయకండి, యాంటీవైరస్ స్కాన్ కూడా ఆపేయండి. ఎవరింట్లోనైనా పాత డీవీడీ రికార్డరు, అంటే క్యాసెట్ నుంచి నేరుగా డిస్కు మీదకు రాసే యంత్రం ఉంటే అరువు తెచ్చుకోండి. అది కంప్యూటర్లా పరధ్యానంలో పడదు, సాధారణంగా సింక్ నిలబెడుతుంది. టేపు బాగా పాడైతే టైమ్ బేస్ కరెక్టర్ (వణికే సిగ్నల్‌ను కుదుటపరిచే యంత్రం) ఉన్న ల్యాబుకు ఇవ్వడం తప్ప వేరే మార్గం లేదు. బూజు పట్టిన టేపును ఇంట్లో వీసీఆర్‌లో పెట్టొద్దు, హెడ్డు పాడవుతుంది, టేపూ తెగుతుంది.

మినీడీవీ టేపులున్నవాళ్లకు ఒక చిన్న మాట. కొన్ని కెమెరాలు ధ్వనిని 32 కిలోహెర్ట్జ్‌లో తీసేవి, కొన్ని 48లో. ఒకే టేపు మీద రెండూ ఉంటే వేర్వేరు ఫైళ్లుగా ఎక్కించండి.

ల్యాబుకు ఇవ్వాలా, ఇంట్లోనే చేయాలా?

విజయవాడలో గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్డు చుట్టూ అయినా, గుంటూరులో అరండల్‌పేట, బ్రాడీపేటల్లో అయినా స్టూడియోలకు, మిక్సింగ్ చేసేవాళ్లకు లోటు లేదు. పెళ్లి వీడియోల మీద చేయి తిరిగినవాళ్లు మన సాఫ్ట్‌వేర్ తంటాలన్నీ గంటలో తేల్చేస్తారు. కానీ అడగాల్సింది అడక్కపోతే వాళ్లూ ఫైలును తీసుకెళ్లి ఒక్క క్లిక్కుతో మార్చే సాఫ్ట్‌వేర్లోనే వేస్తారు. ఒకసారి నేను ఒకచోట పది కాపీలు కొట్టించాను, పదీ తేడానే. అడిగితే "మీ టీవీలో ఏదో తేడా ఉందండీ" అన్నారు. నాలుగు టీవీల్లో చూపించాక గానీ ఒప్పుకోలేదు.

అప్పటి నుంచి ముందే మూడు మాటలు అడుగుతున్నాను. వేరియబుల్ ఫ్రేమ్ రేటును ముందు స్థిరం చేస్తారా? మొదట ఒకే కాపీ ఇచ్చి, చివరి పది నిమిషాలు నాతో చూపించాకే మిగతావి కొడతారా? సరిచేసిన ఫైలును పెన్‌డ్రైవ్‌లో కూడా ఇస్తారా? మూడో దానికి తటపటాయించేవాళ్ల దగ్గర పని చేయించుకోకండి.

ఫోన్ వీడియో అయితే ఇంట్లోనే చేసుకోండి. క్యాసెట్లయితే, నాలుగైదు కంటే ఎక్కువ ఉంటే, ల్యాబుకే ఇవ్వండి. రెండింటి మధ్య ఉన్నవాటికి మీ ఓపికే కొలత.

డీవీడీ చేసే సాఫ్ట్‌వేర్‌లో ఏది?

ఇక్కడ ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఫైలు ముందే బాగుంటే ఏదైనా ఒకటే. మెనూలు కావాలంటే, ఉచితంగా కావాలంటే డీవీడీస్టైలర్. విండోస్, మాక్, లైనక్స్ మూడింటిలోనూ ఉంది. డీవీడీ ఫ్లిక్ ఇంకా సులువు, కానీ చాలా ఏళ్లుగా దాని మీద పని ఆగిపోయింది. పాత ఏవీఐ రకం వీడియో ఫైళ్లకు పర్వాలేదు, ఇప్పటి ఫోన్ వీడియోలకు వద్దు. డబ్బిచ్చి కొనేవి బొమ్మ అందంగా చూపిస్తాయి, సింక్ విషయంలో వాటికి ప్రత్యేక విద్యేమీ లేదు. ఒక్క పెట్టెలో అన్నీ చేస్తామనే సాఫ్ట్‌వేర్ కంటే, ముందు శుభ్రం చేసి తర్వాత డీవీడీ చేయడమే నాకు ఎప్పుడూ తక్కువ తలనొప్పి.

పాత ఏవీఐ అంటే గుర్తొచ్చింది. వాటిలో ధ్వని వీబీఆర్ (బిట్‌రేటు మారుతూ ఉండే) ఎంపీ3గా ఉంటే చాలా సాఫ్ట్‌వేర్లు సమయాన్ని తప్పుగా లెక్కగడతాయి. వర్చువల్‌డబ్‌లో తెరిస్తే అదే హెచ్చరిస్తుంది. ధ్వనిని 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ వేవ్‌గా తీసి పక్కన పెట్టుకుని, దాన్ని కొత్త ట్రాకుగా ఇవ్వండి. చాలావరకు అక్కడితో సరి.

బిట్‌రేటును, అంటే సెకనుకు పట్టే డేటాను, ఆకాశానికి ఎత్తకండి. డీవీడీ మొత్తం మీద సెకనుకు 10.08 మెగాబిట్ల కంటే ఎక్కువ మోయలేదు. ఆ అంచు దగ్గర ఆడిస్తే పాత ప్లేయర్లు తడబడతాయి, ఆ తడబాటు సింక్ పోయినట్టే కనిపిస్తుంది. 4.7 జీబీ డిస్కులో రెండు గంటలు పట్టాలంటే ధ్వనితో కలిపి సుమారు 5 మెగాబిట్లు, అంతే. గంట వీడియో అయినా 8 దాటించను.

రైట్ చేసే ముందు

డీవీడీ ఫైళ్లుండే వీడియో_టీఎస్ ఫోల్డరు తయారవగానే డిస్కు పెట్టకండి. ముందు ఆ ఫోల్డరును వీఎల్‌సీలో తెరిచి, ఇందాకటి మూడు చోట్లకూ వెళ్లి చూడండి. మధ్యకు దూకిన వెంటనే తీర్పు చెప్పకండి, దూకినప్పుడు ప్లేయరే క్షణం తడబడుతుంది. ఒక నిమిషం ఆడనిచ్చి అప్పుడు చూడండి. అక్కడ సరిగా ఉంటేనే తిరగరాసే డిస్కు, అంటే ఆర్‌డబ్ల్యూ మీద ఒకటి రాసి అసలు ప్లేయర్లో పరీక్షించండి. నానమ్మ ప్లేయరు ఆర్‌డబ్ల్యూ చదవకపోతే మామూలు డిస్కే. రైటింగ్ వేగం 4 లేదా 8 చాలు. 16లో రాసినంత మాత్రాన సింక్ పోదు గానీ, పాత ప్లేయరు చదవలేక ఆగి ఆగి ఆడితే మీరు మళ్లీ ఫైలును అనుమానిస్తారు.

అన్నట్టు, టీవీకి యూఎస్‌బీ ఉండి, ఇంట్లో ఎవరికైనా రిమోట్‌తో ఫోల్డరు తెరవడం వస్తే ఈ గొడవే అక్కర్లేదు. స్థిరం చేసిన ఎంపీ4ను పెన్‌డ్రైవ్‌లో వేసిస్తే చాలు. మా నానమ్మ దగ్గర ఆ ప్రస్తావన తెచ్చాను. "డిస్కు పెడితే తిరుగుతుందని తెలుస్తుంది, ఆ పుల్లను ఎక్కడ గుచ్చాలో నాకేం తెలుసు" అంది. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

మూడో డిస్కు ఎన్‌టీఎస్‌సీలో చేసి పంపాను. పైన మార్కర్‌తో ఆ మాటే రాశాను, పదేళ్ల తర్వాత నాకే గుర్తుండదు కదా. వారం తర్వాత నానమ్మే ఫోన్ చేసింది. తాళమూ కాలూ ఇప్పుడు కలిశాయట. అయితే తరంగంలో పళ్లెం ఎక్కాక రెండో జతిలో పిల్ల నిజంగానే ఒక దెబ్బ వెనకపడిందట.

వీఎల్‌సీలో పెట్టి చూశాను. పడింది.